‘రోజూ వ్యాయామం’ అంటే ఎంత? గుండె జబ్బు ఉన్నవాళ్లు దేన్ని ఎంచుకోవాలి

మా నాన్నగారికి స్టెంట్ వేసి ఇంటికి పంపించిన రోజు చేతికిచ్చిన డిశ్చార్జి కాగితంలో ఏడు మందులున్నాయి. ఒక్కోదానికీ ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రా, తిన్నాకా తినకముందా అన్నీ రాసి ఉన్నాయి. చిట్టచివరి వరుసలో మాత్రం రెండే మాటలు: రోజూ వ్యాయామం. ఎలాంటిది, ఎంతసేపు, ఎంత గట్టిగా, ఎక్కడ ఆపాలి అన్నది లేదు. అడిగితే “మామూలుగా వాకింగ్ చేయించండి” అన్నారు.

మిగతాది ఊరు చెప్పింది. రాజమండ్రి గోదావరి గట్టు మీద ఆయనతో పాటు నడిచేవాళ్లలో ఒకాయన “మాస్టారూ, సూర్య నమస్కారాలకి మించింది లేదు” అన్నాడు. ఇంకొకాయన స్టాటిక్ సైకిల్ కొనమన్నాడు. మా మేనత్తయితే “గుండెకి దెబ్బ తగిలిన మనిషిని కదిలిస్తారా? మూడు నెలలు మంచం దిగనివ్వకండి” అని ఫోన్లోనే ఏడ్చింది. అమెరికాలో ఉన్న తమ్ముడు స్మార్ట్ వాచీ పంపాడు.

ఆ తర్వాత ఏడాదిపాటు డాక్టర్లను, ఫిజియోథెరపిస్టులను విసిగించి, దొరికింది చదివి, నాన్నగారి మీద అమలు చేసి నేను తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. డాక్టర్‌ను ఏమడగాలో, వచ్చిన జవాబుల్లోంచి దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. వ్యాయామం కూడా ఒక మందే. పక్కింటాయన బీపీ మాత్ర మనం వేసుకోం కదా, ఆయన వ్యాయామం కూడా అంతే.

విశ్రాంతా, కదలికా

మేనత్త భయాన్ని తీసిపారేయడానికి లేదు. ఇరవయ్యో శతాబ్దం సగం వరకూ పెద్ద డాక్టర్లు కూడా అదే చెప్పారు. గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం మీదే. 1952లో అమెరికాలో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల్ని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడమే అప్పట్లో పెద్ద సాహసం. విచిత్రమేమిటంటే, అంతకు చాలా ముందు, పద్దెనిమిదో శతాబ్దంలోనే లండన్ డాక్టర్ విలియం హెబర్డెన్ తన రోగి ఒకాయన రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకుని ఛాతీ నొప్పి నుంచి దాదాపు బయటపడ్డాడని రాసిపెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మంచం ఎంత చెడుపు చేస్తుందో 1966లో డాలస్‌లో తేలింది. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులు ఐదుగుర్ని మూడు వారాలు మంచం మీద ఉంచి, వాళ్ల శరీరం ఆక్సిజన్‌ను ఎంత వాడుకోగలుగుతోందో కొలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగుర్ని పిలిచి మళ్లీ కొలిచారు. ముప్పై ఏళ్ల వయసు మీద పడి తగ్గిన దానికన్నా ఆ మూడు వారాల మంచం వల్ల తగ్గిందే ఎక్కువ. ఇది చెప్పాకే మా మేనత్త కాస్త మెత్తబడింది.

ఇంకో అధ్యయనం కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని తప్పుగా వాడేవాళ్లున్నారు. 2004లో వెలువడిన ఆ జర్మనీ అధ్యయనంలో, రక్తనాళంలో పూడిక ఉండి పరిస్థితి నిలకడగా ఉన్న 101 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు స్టెంట్, రెండో జట్టుకు రోజూ 20 నిమిషాల సైకిల్. ఏడాది తర్వాత ఏ పెద్ద ఇబ్బందీ రాకుండా ఉన్నవాళ్లు సైకిల్ జట్టులో 88 శాతం, స్టెంట్ జట్టులో 70 శాతం. ఇది పట్టుకుని “స్టెంటు దండగ, నడిస్తే చాలు” అనేవాళ్ల మాట వినకండి. అది చిన్న అధ్యయనం, అప్పటి స్టెంట్లు పాతరకం. పైగా వాళ్లందరూ నిలకడగా ఉన్నవాళ్లు. గుండెపోటు వస్తున్న మనిషికి స్టెంటే ప్రాణం. ఆ ప్రాణం నిలబడ్డాక చేయాల్సింది ఏమిటన్నదే మన ప్రశ్న.

మోతాదు కొలవడానికి: వాచీ, టీఎంటీ, పద్యం

ఏ వ్యాయామం అన్నదానికన్నా ఎంత గట్టిగా అన్నదే పెద్ద ప్రశ్న. తప్పులు జరిగేది కూడా ఇక్కడే. మా ఇంట్లో జరిగింది వినండి.

తమ్ముడు పంపిన వాచీ 220లోంచి వయసు తీసేసి లెక్క కడుతుంది. నాన్నగారికి 66, అంటే గరిష్ఠం 154. అందులో 70 శాతం, అంటే 108 దాటితేనే అది ‘వ్యాయామం’గా ఒప్పుకుంటుంది. ఈయన రొప్పుతూ నడిచినా నాడి 96 దాటడం లేదు. వాచీ రోజూ ‘తేలికపాటి’ అనే చూపిస్తోంది. జీవితమంతా పిల్లలకి మార్కులేసిన మనిషి, తనకి మార్కులు తక్కువొస్తే ఊరుకుంటారా? వేగం పెంచారు. నాలుగో రోజు గట్టు మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయారు.

తప్పు వాచీది కాదు. ఆయన వేసుకునే మెటోప్రొలాల్‌ది. మెటోప్రొలాల్, అటెనొలాల్, బైసొప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి బీటా బ్లాకర్లు నాడిని ఎక్కువ ఎగరనివ్వవు. వాటి పనే అది. ఆ మాత్ర వేసుకునే మనిషికి 220 సూత్రం పనికిరాదు. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకి కూడా నాడి లెక్క నమ్మదగింది కాదు.

అయితే ఏది నమ్మాలి? మనకు మామూలుగా దొరికేవాటిలో కచ్చితమైనది టీఎంటీ, అంటే ఈసీజీ తీగలు పెట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపించే పరీక్ష. రోజూ వేసుకునే మందులు వేసుకునే చేయించుకోవాలి (జబ్బు కనిపెట్టడానికి చేసే టీఎంటీకి కొన్ని మందులు ఆపమంటారు. ఇది అది కాదు, డాక్టర్‌కు ముందే చెప్పండి). అందులో ఏ ఇబ్బందీ లేకుండా చేరిన గరిష్ఠ నాడి తెలిస్తే లెక్క సులువు. నాన్నగారిది విశ్రాంతిలో 62, పరీక్షలో 118. మధ్య తేడా 56. అందులో సగం 28 కలిపితే 90. 70 శాతం కలిపితే 101. అంటే ఆయన నడకలో నాడి 90కీ 101కీ మధ్య ఉండాలి. వాచీ తిట్టిన ఆ 96 సరిగ్గా మధ్యలో ఉంది! పరీక్షలో ఛాతీ నొప్పి గానీ ఈసీజీలో మార్పు గానీ కనిపిస్తే అది వచ్చిన నాడికి కనీసం పది తక్కువలోనే ఆగాలి.

టీఎంటీ కాగితంలో ‘మెట్’ అన్న మాట కూడా ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి 1 మెట్. గంటకు 5 కిలోమీటర్ల నడక దాదాపు మూడున్నర. మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెంచే బ్రూస్ పద్ధతి టీఎంటీలో ఆరు నిమిషాలు పూర్తి చేస్తే సుమారు 7. ఎవరూ పైకి అడగని ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. దాంపత్య జీవితానికి సుమారు 3 నుంచి 5 మెట్‌లు చాలు. రెండు అంతస్తులు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగే మనిషికి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఇంట్లో రోజూ టీఎంటీ చేయలేం కాబట్టి మిగిలినవి రెండు. ఒకటి, స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన కొలబద్ద. 6 నుంచి 20 దాకా అంకెలుంటాయి. ఏ శ్రమా లేకపోతే 6, ఇక ప్రాణం పోతోంది అనిపిస్తే 20. వింతగా 6తో ఎందుకు మొదలైందంటే, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలో ఆ అంకెను పదితో గుణిస్తే నాడి దగ్గరదగ్గరగా వస్తుందని. గుండె రోగులు చాలామంది 12 నుంచి 14 మధ్య ఉంటే మంచిది. ‘కాస్త కష్టంగా ఉంది, కానీ కొనసాగించగలను’ అనిపించే చోటు అది.

రెండోది మాటల పరీక్ష. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. నాన్నగారు తెలుగు మాస్టారు కాబట్టి మేం దీన్ని ఆటవెలదిలోకి మార్చుకున్నాం. నడుస్తూ పద్యం పాదం పాదంగా చెప్పగలగాలి, రాగం తీయబోతే ఊపిరి చాలకూడదు. రాగం కూడా హాయిగా తీయగలిగితే మోతాదు తక్కువ. పాదం మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే ఎక్కువ. నన్నడిగితే బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకు వాచీ కన్నా ఇదే మేలు. పైసా ఖర్చు లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు.

నడక, సైకిల్, యోగా

నడకకి నా ఓటు మొదటిది. చెప్పులో బూట్లో ఉంటే చాలు, ఎక్కువైతే ఆగిపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాలు, ఒక మోస్తరు శ్రమతో. రోజుకి అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు. మొదటి రోజే అరగంట నడవమని దానర్థం కాదు. ఏ చిక్కూ లేకుండా గుండెపోటు నుంచి కోలుకుంటున్న మనిషి ఐదు నిమిషాల నడక రోజుకి రెండు మూడుసార్లతో మొదలుపెట్టి, నెలా నెలన్నరలో అరగంటకు చేరితే చాలు. ముందు నిమిషాలు పెంచాలి, వేగం సంగతి ఆ తర్వాత. మొదటి ఐదు పది నిమిషాలు మెల్లగా, చివరి ఐదు పది నిమిషాలు మళ్లీ మెల్లగా నడవాలి. చాలామంది ఈ చివరి ముక్క వదిలేసి గబుక్కున బెంచీ మీద కూలబడతారు. కాళ్లలోకి దిగిన రక్తం ఒక్కసారిగా వెనక్కి రాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

నడక లోపాలు ఎండ, మోకాళ్లు, కుక్కలు. నవ్వకండి, మా వీధిలో ముగ్గురు నడక మానేసింది కుక్కల వల్లే. ఎండ సంగతి మరీ ముఖ్యం. మే నెలలో మన దగ్గర పొద్దున ఎనిమిదికే వేడి. నీరు పోవడానికి మాత్ర వేసుకునేవాళ్లకు చెమట కూడా తోడైతే బీపీ పడిపోతుంది. చలికాలం తెల్లవారుజామున మంచులో నడిస్తే ఛాతీ నొప్పి త్వరగా వస్తుంది. అప్పుడు కాస్త పొద్దెక్కాక వెళ్లడం మంచిది. తిన్న వెంటనే కూడా నడవద్దు, గంటా రెండు గంటలు ఆగాలి.

మోకాళ్ల నొప్పులు, లావు, తూలిపడే భయం ఉన్నవాళ్లకు స్టాటిక్ సైకిల్ నడకను మించుతుంది. కూర్చుని చేస్తారు, ఎండావానా లేదు, బిగింపు ఎంతో అంకెల్లో కనిపిస్తుంది కాబట్టి మోతాదు కచ్చితం. లోపం ఒక్కటే, విసుగు. మూడు నెలల తర్వాత తువ్వాళ్లు ఆరేసుకునే దండెం అయిపోయిన సైకిళ్లు ఎన్ని ఇళ్లల్లో చూశానో! కొనే ముందు ఎవరిదైనా నెల రోజులు అడిగి తెచ్చుకోండి.

ఇక యోగా. దీని గురించి మనవాళ్లు రెండే మాటలంటారు, అయితే సర్వరోగ నివారిణి, కాకపోతే ఉత్తదే. మన దేశంలోనే దీని మీద పెద్ద పరీక్ష జరిగింది. యోగా-కేర్ అని, 24 ఆస్పత్రుల్లో గుండెపోటు నుంచి బయటపడ్డ 3,959 మంది మీద. ఫలితాలు 2020లో వచ్చాయి. మూడు నెలల్లో 13 తరగతులు, తేలిక ఆసనాలు, శ్వాస, విశ్రాంతి. మళ్లీ గుండెపోటు, మరణం లాంటి పెద్ద సంఘటనలు స్పష్టంగా తగ్గాయని తేలలేదు. కానీ యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, గుండెపోటుకు ముందు చేసుకునే పనులకి ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. భయం పోవడం చిన్న లాభమేమీ కాదు.

కాబట్టి నా మాట ఇది. నడవగలిగినవాళ్లు నడక మానేసి యోగా ఒక్కటే పట్టుకోవద్దు. రెండూ చేయండి. నడక అంటే ససేమిరా అనే మనిషికి మాత్రం మెల్లటి యోగాతోనే మొదలుపెట్టించండి, ఏమీ చేయకపోవడం కన్నా నూరుపాళ్లు నయం. శీర్షాసనం, సర్వాంగాసనం లాంటి తలకిందుల ఆసనాలు, ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా చేసే కపాలభాతి, భస్త్రిక మాత్రం డాక్టర్ సరేననేదాకా వద్దు. సూర్య నమస్కారాలు తేలిక యోగా కింద లెక్కేయకండి. వేగంగా చేస్తే మంచి నడకంత శ్రమ, పైగా తల కిందికీ పైకీ ఆడుతుంటే బీపీ మందులవాళ్లకి కళ్లు తిరుగుతాయి.

షటిల్ ఆడతానని మారాం చేసేవాళ్లకు ఒక మాట. ఆట చెడ్డది కాదు, పోటీయే చెడ్డది. ఆగి, ఒక్కసారిగా దూకి, మళ్లీ ఆగే ఆటలో మోతాదు మన చేతిలో ఉండదు. అవతలివాడు స్మాష్ కొడితే పద్యం గుర్తుండదు.

బరువులు ఎత్తవచ్చా?

ఎత్తవచ్చు, ఎత్తాలి కూడా. వారానికి రెండు రోజులు. నెలల తరబడి కూర్చుంటే తొడల కండ తరిగిపోతుంది. కుర్చీలోంచి లేవడానికే ఆయాసం వచ్చే మనిషికి లోపం ఒక్కోసారి గుండెలో కన్నా తొడల్లోనే ఎక్కువ ఉంటుంది. లీటరు నీళ్ల సీసా అంటే ఒక కిలో. దాంతో మొదలుపెట్టి, 10 నుంచి 15 సార్లు ఎత్తగలిగే బరువే వాడాలి. నాలుగైదు సార్లకే చేతులు వణికే బరువు వద్దు. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆన్చి తోయడం, మడమలు ఎత్తి దించడం, ఇవి చాలు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా ఎగిరిపోతుంది. అందుకే గ్యాస్ సిలిండర్ జోలికి వెళ్లవద్దు. లోపలి గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది.

బైపాస్ అయినవాళ్లకి ఇక్కడ లెక్క వేరు. ఛాతీ ఎముక కోసి తీగలతో కుట్టారు. అది అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా మూడు నాలుగు కిలోలకు మించి ఎత్తకూడదు, నిండు బిందె అసలే వద్దు. స్కూటర్ నడపడం, దాన్ని సెంటర్ స్టాండ్ వేయడం వద్దు. మంచం మీంచి లేచేటప్పుడు చేతులతో తోసుకోకుండా పక్కకు ఒరిగి లేవాలి, దగ్గు వస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గాలి. నడకకి మాత్రం ఏ అడ్డూ లేదు, ఆస్పత్రి వరండాలోనే మొదలవుతుంది.

ఇంటి పని వ్యాయామం కాదా?

ఈ ముక్క ఆడవాళ్ల కోసం. గుండె జబ్బు వచ్చిన మగవాడికి ఇంటిల్లిపాదీ కలిసి వాకింగ్ బూట్లు కొంటారు. అదే జబ్బు అమ్మకొస్తే “నువ్వు రోజంతా తిరుగుతూనే ఉంటావుగా” అంటారు. నిజమే, ప్రతి కదలికా లెక్కలోకి వస్తుంది. ఒకప్పుడు పది నిమిషాలైనా ఆగకుండా చేస్తేనే లెక్క అనేవారు, 2020 సూచనల్లో ఆ నిబంధన తీసేశారు. కానీ వంటింటి పని ఎలా సాగుతుందో చూడండి. నిలబడి కూర తరగడం, పప్పు కుక్కర్లో పెట్టడం, మళ్లీ నిలబడటం. కాళ్లు పీకుతాయి గానీ ఊపిరి పెరగదు. మధ్యలో నీళ్ల బకెట్ ఎత్తడం, దుప్పట్లు పిండటం లాంటివి మాత్రం ఒక్కసారిగా బీపీని ఎగదోస్తాయి. అంటే గుండెకు కావాల్సిన నిలకడ శ్రమ తక్కువ, అక్కర్లేని కుదుపు ఎక్కువ. కాబట్టి ఇంటి పనికి తోడు రోజులో అరగంట ఆమెకంటూ ఉండాలి, వీధిలో వీలుకాకపోతే డాబా మీదైనా సరే. ఆ అరగంట ఆమెకు దొరకాలంటే ఇంట్లో ఎవరో ఒకరు కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టాలి.

ఆడవాళ్లలో నొప్పి ఛాతీలోనే రాకపోవచ్చు. దవడ, వీపు, వికారం, ఎన్నడూ లేని అలసట, ఇవి శ్రమ చేసినప్పుడు వచ్చి ఆగితే తగ్గుతుంటే గ్యాస్ అని సోడా తాగి ఊరుకోవద్దు.

గట్టి విరామ వ్యాయామం

నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఇలా నాలుగుసార్లు చేసే పద్ధతి నార్వేలో పుట్టింది. యూట్యూబ్‌లో ఇప్పుడు దీని జోరు. గుండె సామర్థ్యం పెరగడానికి మంచిదే. అదే నార్వేలో 4,846 మంది గుండె రోగులు శిక్షకుల కళ్లెదుట చేసిన 1,75,820 గంటల వ్యాయామాన్ని లెక్కగడితే, ఒక మోస్తరు వ్యాయామంలో సుమారు 1,29,000 గంటలకు ఒకసారి, గట్టి వ్యాయామంలో 23,000 గంటలకు ఒకసారి గుండె ఆగింది. రెండూ అరుదే. కానీ పక్కన డీఫిబ్రిలేటర్ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఉన్న గది వేరు, గోదావరి గట్టు వేరు. టీఎంటీ లేకుండా, మనిషి తోడు లేకుండా దీని జోలికి పోవద్దని నా సలహా.

మీ గుండె ఏ రకం?

పైన చెప్పిందంతా ఎక్కువగా స్టెంటు, బైపాస్, పాత గుండెపోటు వాళ్లకి. మిగతా గుండెలకి లెక్క మారుతుంది.

గుండె బలహీనపడి ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందో చెప్పే అంకె) తగ్గినవాళ్లను ఒకప్పుడు కదలనివ్వలేదు. ఈఎఫ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న 2,331 మంది మీద జరిగిన హెచ్ఎఫ్-యాక్షన్ పరీక్ష 2009లో ఆ భయం తీర్చింది. వ్యాయామం సురక్షితమని తేలింది, లాభం కొద్దిపాటిదే అయినా జీవితం కాస్త తేలికపడింది. వీళ్లకి అరగంట ఏకధాటి నడక కన్నా ఐదు నిమిషాలు నడిచి రెండు నిమిషాలు ఆగడం నప్పుతుంది. రోజూ పొద్దున బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, పడుకోవడానికి ఇంకో దిండు కావాల్సి వచ్చినా, ఆ రోజు నడక ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి మైట్రల్ కవాటం ఇరుకైనవాళ్లు మన దగ్గర ఇంకా తక్కువేమీ కాదు. వీళ్లకు శత్రువు వేగం. నాడి పెరిగేకొద్దీ ఇరుకు కవాటంలోంచి రక్తం దిగడానికి టైము చాలదు, అది ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి ఆయాసం వస్తుంది. పక్కవాళ్లతో పోటీపడకుండా మెల్లగా, ఎక్కువసేపు నడవడమే వీళ్ల దారి. బృహద్ధమని కవాటం బాగా ఇరుకై, శ్రమ చేస్తే కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఉంటే ముందు కవాటం సంగతి తేలాలి, వ్యాయామం ఆ తర్వాతే. గుండె గోడలు వంశపారంపర్యంగా మందమయ్యే జబ్బు ఉన్న కుటుంబాల్లో కూడా ఇంతే, నిపుణుల్ని అడక్కుండా మొదలుపెట్టవద్దు.

పేస్‌మేకర్ పెట్టిన కొత్తలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆ వైపు చేతిని భుజం దాటి ఎత్తకూడదు. అలాగని పూర్తిగా బిగించి ఉంచితే భుజం పట్టేస్తుంది, కింద కింద కదుపుతూనే ఉండాలి. షాక్ ఇచ్చే ఐసీడీ ఉన్నవాళ్లు “ఎంత నాడి దగ్గర ఇది షాక్ ఇస్తుంది?” అని అడిగి తెలుసుకుని, దానికి పది ఇరవై తక్కువలోనే ఆగాలి.

షుగరు కూడా ఉందా? ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడుతుంటే నడకలో షుగరు పడిపోవచ్చు. బీటా బ్లాకర్ వేసుకుంటే ఆ దడ, వణుకు తెలియవు, చెమట ఒక్కటే గుర్తు. జేబులో గ్లూకోజ్ ఉండాలి. పాత షుగరు రోగులకి గుండె నొప్పి తెలియకపోవచ్చు కూడా, వాళ్లకి ఆయాసమే నొప్పితో సమానం.

ఇంట్లోనా, ఆస్పత్రిలోనా?

కార్డియాక్ రిహాబ్ అని, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వారానికి రెండు మూడు రోజులు చేయించే చోట్లున్నాయి. పెద్ద నగరాల్లో వెతికితే దొరుకుతాయి, మిగతా ఊళ్లలో కష్టం. దొరికితే వెళ్లడం మంచిదే. 85 పరీక్షల్ని కలిపి చూసిన 2021 నాటి సమీక్షలో ఇలాంటి వ్యాయామం వల్ల గుండె జబ్బు మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గినట్టు తేలింది. ప్రమాదం తక్కువ ఉన్నవాళ్లు సరైన మోతాదు రాయించుకుని ఇంట్లో చేసినా దాదాపు అంతే ఫలితం వస్తోంది. ఈఎఫ్ బాగా తక్కువ ఉన్నవాళ్లు, ఐసీడీ ఉన్నవాళ్లు, కొద్దిపాటి నడకకే నొప్పి వచ్చేవాళ్లు, భయంతో గడప దాటని వాళ్లు మొదటి నెల అయినా ఆస్పత్రిలోనే చేయాలి. మామూలు జిమ్ము నాకు నచ్చలేదు. అక్కడి కుర్రాడికి కండలు తెలుసు, మెటోప్రొలాల్ తెలియదు.

మెట్ల మొక్కు

తెలుగువాళ్ల ఇంట్లో గుండె నయమైతే మొదట గుర్తొచ్చేది తిరుమల మెట్ల మొక్కు. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,400 లోపే గానీ దారి పొట్టి, ఎక్కుడు నిటారు. కాబట్టి గుండెకు రెండోది తేలిక అనుకోవడం పొరపాటు. గుండె జబ్బులున్నవాళ్లు నడిచి రావద్దని దేవస్థానం వాళ్లే చెబుతున్నారు. శబరిమల నీలిమల ఎక్కుడు కూడా ఇంతే, దారి పొడుగునా గుండె వైద్య కేంద్రాలు పెట్టాల్సి వచ్చిందంటే ఊరికే కాదు. మా అమ్మ మొక్కు తీర్చడానికి బస్సులో వెళ్లి, కొండ మీద మాడవీధుల్లో ఆయనతో నాలుగు చుట్లు నడిపించింది. దేవుడికీ డాక్టరుకీ ఇద్దరికీ సరిపోయింది.

ఎప్పుడు మొదలుపెట్టకూడదు, ఎప్పుడు ఆపాలి

జ్వరం ఉన్న రోజు, కూర్చున్నప్పుడే బీపీ 180/110 దాటిన రోజు, విశ్రాంతిలోనే నాడి 120 పైన కొట్టుకుంటున్న రోజు నడక వద్దు. ఈమధ్య విశ్రాంతిలో కూడా ఛాతీ నొప్పి వస్తున్నా, ముందుకన్నా తక్కువ శ్రమకే వస్తున్నా అది వ్యాయామం సంగతి కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నడుస్తుండగా ఛాతీలో బిగింపు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్లు తిరగడం, లయ తప్పిన దడ వస్తే ‘ఇంకో చుట్టు’ అనుకోవద్దు. కూర్చోండి. డాక్టర్ సార్బిట్రేట్ (ఛాతీ నొప్పి తగ్గించే మాత్ర) రాసి ఉంటే కూర్చునే నాలుక కింద పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడి కిందపడతారు. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలు వాడినవాళ్లు అది పెట్టుకోకూడదు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్లడం వద్దు.

మర్నాడు లేవలేనంత అలసట ఉంటే నిన్నటి మోతాదు ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు దిగండి.

మా ఇంట్లో చివరికి కుదిరిన చీటీ ఇది, ఫ్రిజ్ తలుపు మీద ఉంది: వారంలో ఐదు రోజులు పొద్దున ఆరింటికి గట్టు మీద నడక, అటూ ఇటూ మెల్లటి నడకతో కలిపి 45 నిమిషాలు, నాడి 90 నుంచి 101. మంగళ, శని వారాల్లో కుర్చీ, నీళ్ల సీసాలు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు శ్వాస. మూడు నెలలకొకసారి డాక్టర్‌కు చూపించి మార్చుకోవాలి. మొదటిసారి చూపించినప్పుడు డాక్టర్ గారు పెన్ను తీసి 45ని 40 చేసి, పక్కన సంతకం పెట్టారు. నాన్నగారు ఆ అయిదు నిమిషాలు ఎందుకు కొట్టేశారని ఇంకా గొణుగుతూనే ఉన్నారు, పద్యం మధ్యలో.